తుక్కు కొట్టుకు చేరుతున్న రేడియోధార్మిక సోర్సుల గురించి ఒక బహిరంగ లేఖ

కర్మాగారాల యాజమాన్యాలకు, ఖాయిలా పడిన పరిశ్రమలను వేలం వేసే బ్యాంకుల అధికారులకు, ఆసుపత్రుల నిర్వాహకులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల కలెక్టర్లకు, పాత ఇనుము వ్యాపార సంఘాల పెద్దలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. మేం రేడియోధార్మిక సోర్సులతో, అంటే కిరణాలు వెలువరించే పదార్థాన్ని మూసిపెట్టిన చిన్న గొట్టాలతో, రోజూ పనిచేసేవాళ్లం. పైపులైన్ల వెల్డింగులకు ఎక్స్‌రేలు తీసే రేడియోగ్రఫీ టెక్నీషియన్లం, సిమెంటు, విద్యుత్ కర్మాగారాల్లో గేజిల (సోర్సు కిరణాలతో పాత్ర లోపలి మట్టం కొలిచే పరికరాల) బాధ్యత చూసే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్లం, క్యాన్సర్ ఆసుపత్రుల్లో మెడికల్ ఫిజిసిస్టులం. మీలో కొందరికి ఇంతకుముందు వేరువేరుగా వినతులు ఇచ్చాం. రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాం.

మొదటే ఒక మాట. రేడియోధార్మికతను బూచిగా చూపించడానికి ఈ లేఖ రాయడం లేదు. మా అన్నం దానిమీదే. మీ చేతికి గుచ్చే డిస్పోజబుల్ సిరంజిల్లో చాలావాటిని క్రిమిరహితం చేసేది కోబాల్ట్-60 గామా కిరణాలే.  థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 ఇస్తారు, ఎముకల స్కానుకు టెక్నీషియం-99ఎం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు లోపలినుంచి ఇచ్చే చికిత్సలో చిన్న ఇరిడియం-192 గింజ పనిచేస్తుంది. గ్యాస్ పైపు అతుకులో బుడగ ఉందో లేదో ఫిల్ముమీద చూపించేదీ ఇరిడియమే. సిమెంటు ప్లాంటు ప్రీహీటర్ సైక్లోన్‌లో పొడి గడ్డకట్టిందని ముందే పట్టేది సీజియం-137 గేజి. యూరియా ప్లాంటులో అధిక పీడనపు పాత్ర లోపలి మట్టం కోబాల్ట్ గేజి చెబుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో బావి తవ్వాక ఏ పొరలో చమురుందో తెలుసుకోవడానికి అమెరీషియం-బెరీలియం, సీజియం సోర్సులను కిందికి దించుతారు. మన ముందుతరం పెళ్లి పందిళ్లలో వెలిగిన పెట్రోమాక్స్ లైటు మాంటిల్‌లో కూడా థోరియం ఉండేది.

వీటిని జాగ్రత్తగా వాడితే చిక్కేమీ లేదు. చిక్కు ఎక్కువగా పని అయిపోయాకే.

సీజియం-137 అర్ధాయువు, అంటే దాని బలం సగానికి తగ్గే కాలం, 30 ఏళ్లు. 1995లో బిగించిన గేజిలో ఇప్పటికీ దాదాపు సగం మిగిలి ఉంటుంది. కర్మాగారం మూతపడుతుంది, యజమాని మారతాడు, సేఫ్టీ ఆఫీసరు వేరే ఉద్యోగానికి వెళ్లిపోతాడు. గేజి మాత్రం బంకరు పక్కన అరవై అడుగుల ఎత్తున బోల్టులకు వేలాడుతూనే ఉంటుంది. కిరణాలను ఆపడానికి దాని డబ్బా నిండా సీసం. రేడియోగ్రఫీ కెమెరాలో, అంటే ఆ పనికి వాడే సోర్సును దాచి ఉంచే పెట్టెలో అయితే డిప్లీటెడ్ యురేనియం, కొన్నింటిలో టంగ్‌స్టన్. చూడ్డానికి చిన్నది, ఎత్తితే బరువు. తుక్కు ఏరుకునేవాడి కంటికి బరువంటే డబ్బు. సోర్సు బయటపడే చాలాచోట్ల కథ ఇక్కడే మొదలవుతుంది.

2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో జరిగింది ఇదే. విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగం 1970 ప్రాంతంలో తెప్పించుకున్న కోబాల్ట్-60 గామా సెల్ (నమూనాలకు గామా కిరణాలు పట్టించే యంత్రం) 1985 నుంచి వాడకంలో లేదు. 2010 ఫిబ్రవరిలో దాన్ని తుక్కు కింద వేలం వేశారు. కొన్నవాళ్లు సీసం కోసం కోశారు. లోపలి కోబాల్ట్ ముక్క ఒకటి ఒకాయన పర్సులోకి చేరింది. ఒకరు చనిపోయారు, మరికొందరు రేడియేషన్ గాయాలతో ఆసుపత్రి పాలయ్యారు. లెక్క చూడండి. కోబాల్ట్ అర్ధాయువు 5.27 ఏళ్లు. నలభై ఏళ్లలో ఆ సోర్సు మొదటి బలంలో దాదాపు 190వ వంతుకు పడిపోయి ఉంటుంది. "పాతదే కదా, ఏమవుతుందిలే" అనే మాటకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

బ్రెజిల్‌లోని గోయానియాలో 1987లో ఖాళీ చేసి వెళ్లిపోయిన క్లినిక్‌లో 1,375 క్యూరీల (క్యూరీ రేడియోధార్మిక బలానికి కొలమానం) సీజియం క్లోరైడ్ ఉన్న చికిత్సా యంత్రాన్ని వదిలేశారు. తుక్కు కోసం దాన్ని విప్పినవాళ్లకు చీకట్లో నీలంగా మెరిసే పొడి దొరికింది. వింతగా ఉందని బంధువులకు పంచారు. నలుగురు చనిపోయారు. 1,12,000 మందికి పైగా జనాన్ని మీటర్లతో పరీక్షించాల్సి వచ్చింది.

అంతదూరం ఎందుకు? 2019 జనవరిలో మన రాజమహేంద్రవరం ప్రాంతంలో, చమురు బావుల పనికి వాడే సీజియం-137 ఉన్న డబ్బా ఒకటి రవాణాలో కనిపించకుండా పోయింది. పోలీసులు రోజుల తరబడి వెతికితే కృష్ణా జిల్లాలో పాత ఇనుము కొట్టులో దొరికింది. ఎవరూ దాన్ని కోయకముందే దొరకడం అదృష్టం. ఆ అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోలేం.

కోయకుండా నేరుగా కొలిమిలో పడితే ఏమవుతుందో కూడా తెలియాలి. కోబాల్ట్, ఇరిడియం కరిగిన ఉక్కులోనే కలిసిపోతాయి. అమెరీషియం, రేడియం చిట్టెంలోకి పోతాయి. సీజియం 671 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది కాబట్టి పొగతోపాటు లేచి బ్యాగ్ ఫిల్టర్ దుమ్ములో చేరుతుంది, కొంత పొగగొట్టం దాటి బయటికి పోతుంది. మెక్సికోలోని హ్వారెజ్‌లో 1983-84లో కోబాల్ట్ ఇలాగే ఇళ్ల కడ్డీల్లోకి, టేబుల్ కాళ్లలోకి వెళ్లింది. ఆ కడ్డీలతో వెళుతున్న లారీ దారి తప్పి లాస్ అలమోస్ అణు ప్రయోగశాల గేటు ముందుకు వచ్చి, అక్కడి అలారం మోగబట్టి బయటపడింది. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో కోబాల్ట్ బయటపడితే, ఆ ఉక్కు మన దేశం నుంచి వెళ్లిందని తేలింది.

రొయ్యల రైతులు ఇంకో సంగతి గమనించాలి. 2025 ఆగస్టులో ఇండోనేషియా నుంచి అమెరికా వెళ్లిన గడ్డకట్టిన రొయ్యల్లో సీజియం-137 కనిపించింది. ఒక నమూనాలో రేడియోధార్మికత కిలోకు 68 బెకరెల్‌లు. అమెరికా పెట్టుకున్న 1,200 పరిమితి కన్నా ఇది చాలా తక్కువ. తిన్నవాళ్లకు వెంటనే ఏదో అయిపోయే మోతాదు కాదు. అయినా కంటైనర్లు ఆగిపోయాయి, అంగళ్లలోంచి సరుకు వెనక్కి తీసుకున్నారు. మూలం వెతికితే రొయ్యల ప్లాంటున్న పారిశ్రామికవాడలోనే తుక్కు కరిగించే ఉక్కు కొలిమి కనిపించింది. చెరువుకూ కొలిమికీ సంబంధం ఏమిటని భీమవరంలో ఎవరైనా అడిగితే, ఇదిగో ఇదీ సంబంధం.

ఇక మేం అడుగుతున్నవి. కొన్ని మీ చేతిలో ఇవాళే ఉన్నాయి, కొన్నింటికి కాస్త ఖర్చవుతుంది.

1. గేజిలున్న ప్రతి కర్మాగారం నెల రోజుల్లో వాటి జాబితాను కాగితం మీద కాకుండా మెట్లెక్కి తయారుచేయాలి. ఏ బంకరు, ఎన్నో అంతస్తు, ఏ ఐసోటోపు, సోర్సు నంబరు, బిగించిన నాటి బలం, కిరణాల దారిని మూసే షట్టరు స్థితి రాయాలి. మేం చూస్తున్న పొరపాట్లు మూడు. ఒకటి, ప్లాంటుకు రంగులు వేసేటప్పుడు మూడు రెక్కల హెచ్చరిక గుర్తుమీద కూడా రంగు కొట్టేస్తారు. ఆ తర్వాత వచ్చినవాడికి అది మామూలు ఇనుప డబ్బా. రెండు, సిమెంటు దుమ్ము పట్టి షట్టరు బిగుసుకుపోతుంది. లివరు "మూసి ఉంది" అని చూపిస్తుంది, కిరణాలు వస్తూనే ఉంటాయి. కాబట్టి లివరును నమ్మకూడదు, రేడియేషన్ కొలిచే సర్వే మీటరును నమ్మాలి. షట్టరు మూశాక పాత్ర లోపలివైపు, డిటెక్టరు ఉన్నవైపు రీడింగు తీసి రాసుకున్నాకే మనిషిని లోపలికి పంపాలి. మూడు, గేజి విప్పాల్సివచ్చినప్పుడు ఫిట్టరే గ్యాస్ కట్టరుతో బ్రాకెట్ కోసేస్తాడు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కవచం కారిపోయాక మిగిలేది బఠాణీ గింజంత గొట్టం.

ఆ గింజ మీద ఒక లెక్క. 50 మిల్లీక్యూరీల సీజియాన్ని కవచం లేకుండా మీటరు దూరంలో పెడితే ఒంటికి తగిలే డోసు గంటకు సుమారు 0.16 మిల్లీసీవర్ట్‌లు. సామాన్య జనానికి ఏడాదికి అనుమతించిన 1 మిల్లీసీవర్ట్ ఆరు గంటల్లో అయిపోతుంది. అదే గింజను జేబులో వేసుకుంటే దూరం సెంటీమీటరు. దూరం వందోవంతయితే డోసు పదివేల రెట్లు. ఒక షిఫ్టు జేబులో ఉంటే ఆ చోట చర్మం కాలిపోతుంది, పుండు నెలల తరబడి మానదు.

2. బ్యాంకు అధికారులకు ప్రత్యేకంగా. అప్పు తీర్చని కర్మాగారాన్ని 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద స్వాధీనం చేసుకుని, "ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా" అని వేలం ప్రకటన వేస్తారు. యంత్రాల జాబితాలో "లెవెల్ ఇండికేటర్లు" అని ఒక్క ముక్క ఉంటుంది. అందులో సోర్సు ఉందో లేదో విలువ కట్టే ఇంజినీరుకు తెలియదు, కొన్నవాడికి అసలే తెలియదు. వేలానికి ముందే ఆ కర్మాగారానికి రేడియేషన్ లైసెన్సు ఏదైనా ఉందా అని అణుశక్తి నియంత్రణ మండలిని, అంటే ఏఈఆర్‌బీని, అడగండి. లైసెన్సుల వివరాలన్నీ వారి ఈ-లోరా వ్యవస్థలో ఉంటాయి. ఉందని తేలితే సోర్సులు తిరిగి వెళ్లినట్టు పత్రం చేతికి వచ్చాకే సుత్తి కొట్టండి. కంపెనీల దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్స్‌కూ ఇదే వినతి. కరెంటు కోసేశాక, కాపలావాడికి జీతం ఆగిపోయాక దొంగలు మొదట ఎత్తుకుపోయేవి రాగి తీగలు, తర్వాత సీసం.

3. సోర్సు కొనేరోజునే తిరిగి పంపే ఖర్చు పక్కన పెట్టాలి. నియమాల ప్రకారం వాడకం అయిపోయిన సోర్సును సరఫరాదారుకు గానీ అధీకృత కేంద్రానికి గానీ చేర్చాలి. దారి కూడా తెలిసిందే: ఏఈఆర్‌బీ అనుమతి, సరైన రవాణా పెట్టె, లేబుళ్లు, డ్రైవరు చేతిలో ప్రమాద సూచనల కార్డు, అందుకున్నట్టు రసీదు. విదేశీ కంపెనీ నుంచి ఇరవై ఏళ్ల క్రితం కొన్న గేజికి ఆ కంపెనీయే లేకుండా పోయిన సందర్భాలున్నాయి. అప్పుడు యాజమాన్యం "వచ్చే ఏడాది చూద్దాం" అని గోడౌను మూలన పెట్టి తాళం వేస్తుంది. ఆ తాళంచెవి ఎవరిదగ్గరుందో మూడేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. లీజు పద్ధతిలా ముందే డిపాజిట్ కట్టించుకుంటే ఈ వాయిదాలు ఆగుతాయి. దీనికి కలెక్టర్లు, పరిశ్రమల శాఖ కలిసి ప్రతిపాదన పంపాలి.

ఆసుపత్రులకూ ఇది వర్తిస్తుంది. కోబాల్ట్ యంత్రం తీసేసి కరెంటుతో కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్ పెట్టుకునేటప్పుడు కొత్తదాని ప్రారంభోత్సవానికి ఉండే తొందర పాతదాన్ని పంపడానికి ఉండదు. రక్తానికి కిరణాలు పట్టించే పాత ఇరేడియేటర్లూ అంతే. కొత్త యంత్రం అమర్చే ఒప్పందంలోనే పాత సోర్సు తరలింపు తేదీ రాయించండి.

4. రేడియోగ్రఫీ పని ఇచ్చే కంపెనీలు కాంట్రాక్టరును ఎంత చవగ్గా చేస్తావని మాత్రమే అడుగుతున్నాయి. అడగాల్సినవి వేరే ఉన్నాయి. 40 క్యూరీల ఇరిడియం బయటికి వచ్చినప్పుడు మీటరు దూరంలో గంటకు సుమారు 190 మిల్లీసీవర్ట్‌లు. కార్మికుడికి ఏడాదికి సగటున అనుమతించిన 20 మిల్లీసీవర్ట్‌లు ఆరు నిమిషాల్లో నిండిపోతాయి. సోర్సును క్రాంకు తిప్పి గైడు ట్యూబు కొసకు పంపి, ఎక్స్‌పోజర్ అయ్యాక వెనక్కి లాగుతారు. పిగ్‌టెయిల్ (కొసన సోర్సు ఉన్న చిన్న తీగ) కొక్కెం డ్రైవ్ కేబులుకు సరిగా తగులుకోకపోతే కేబులు వెనక్కి వస్తుంది, సోర్సు ట్యూబులోనే ఉండిపోతుంది. క్రాంకు తిప్పినవాడికి చేతిలో తేడా తెలియదు. తెలిసేది సర్వే మీటరుకే. ప్రతి ఎక్స్‌పోజర్ తర్వాతా మీటరు చూస్తూ కెమెరా దగ్గరికి నడవాలి, ట్యూబు పొడవునా, కెమెరా చుట్టూ చూడాలి. బ్యాటరీ అయిపోయిన మీటరు సున్నానే చూపిస్తుంది. కాబట్టి పని మొదలుపెట్టే ముందే, సోర్సు కెమెరాలో ఉండగా, మీటరు ఏదో ఒక రీడింగు చూపించాలి. 1999 ఫిబ్రవరిలో పెరూలోని యనాంగో జలవిద్యుత్ ప్లాంటులో ఇలా పడిపోయిన 37 క్యూరీల ఇరిడియంను ఒక వెల్డరు తీసి ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. కాలు తీసేయాల్సి వచ్చింది.

మా డిమాండు ఇది: పనిచేసే సర్వే మీటరు, హెల్పరుతో సహా అందరికీ తగిలిన డోసును లెక్కగట్టే టీఎల్‌డీ బ్యాడ్జీలు, రాత్రి షిఫ్టు ముగిసేసరికి "సోర్సు కెమెరాలో ఉంది" అని రీడింగుతో సంతకం. ఈ మూడూ లేకపోతే బిల్లు ఆపండి.

5. కొలిమి ఉన్న ప్రతిచోటా పోర్టల్, అంటే లారీలోని రేడియేషన్‌ను పట్టే గేటు, ఉండాలి. విదేశం నుంచి ఓడలో వచ్చే తుక్కుకు రేడియేషన్ తనిఖీతో కూడిన సర్టిఫికెట్ అడుగుతున్నాం. పక్క జిల్లా నుంచి లారీలో వచ్చేదానికి ఏదీ లేదు. చేతిలో పట్టుకునే చిన్న మీటరుతో లారీ చుట్టూ తిరిగితే సరిపోదు, పైనున్న ఇనుమే లోపలి కిరణాలను ఆపేస్తుంది. లారీకి రెండువైపులా కిరణాలను పసిగట్టే పెద్ద ప్లాస్టిక్ సింటిలేటర్ పలకలు ఉండాలి, లారీ నడిచే వేగంతో వెళ్లాలి. ఇలాంటి పరికరాలను మన హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ తయారుచేస్తోంది. చిన్న కొట్లవాళ్లు సొంతంగా కొనలేరు, నిజమే. పారిశ్రామికవాడకు ఒకటి చొప్పున ధర్మకాంటా దగ్గర పెట్టండి. ఎలాగూ ప్రతి లారీ అక్కడ ఆగుతుంది.

పోర్టల్ ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. స్పెయిన్‌లో ఆల్హెసిరాస్ దగ్గరి ఉక్కు కర్మాగారంలో 1998లో గేటు డిటెక్టర్లను దాటుకుని సీజియం కొలిమిలోకి పోయింది. దాని జాడ ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ గాలిలో కూడా కనిపించింది. నష్టం సుమారు 2.6 కోట్ల డాలర్లు. బ్యాగ్ ఫిల్టర్ దుమ్మును వారానికోసారి మీటరుతో చూస్తే ఇలాంటిది తొందరగా దొరుకుతుంది. పైసా ఖర్చు లేని పని.

అలారం మోగిన ప్రతిసారీ గగ్గోలు అక్కర్లేదు. పొటాష్ ఎరువు, కొలిమి ఇటుకలు, కొన్ని రకాల గ్రానైటు కూడా మోగిస్తాయి. నిన్ననో మొన్ననో స్కాను చేయించుకున్న డ్రైవరు కూడా మోగిస్తాడు. ముందు ఆయన్ని దించి లారీని మళ్లీ పంపండి. పాపం, ఆయన ఆసుపత్రి చీటీ అడిగి చూడండి, దొంగలా చూడకండి.

6. సోర్సు దొరికిందని చెప్పిన తుక్కు వ్యాపారిపై కేసు పెట్టకూడదు, సరుకు సీజు చేయకూడదు. ఇప్పుడు జరుగుతున్నది చూస్తే అనుమానం వచ్చినవాడు కూడా నోరు విప్పడు. రాత్రికి రాత్రి కాలువలో పారేస్తాడు. ఆ కాలువ నీళ్లు తాగేది మనమే. అప్పగించినవాడికి ఆ తుక్కు బరువుకు తగ్గ డబ్బు జిల్లా నిధి నుంచి ఇవ్వండి.

కొట్టులో అనుమానపు డబ్బా కనిపిస్తే చేయాల్సింది కొంచెమే. కోయొద్దు, సుత్తితో కొట్టొద్దు, కదపొద్దు. కనీసం 30 మీటర్ల దూరానికి అందరూ జరగాలి. 112కు ఫోన్ చేయాలి. ముట్టుకున్నవాళ్లు చేతులు కడుక్కోకుండా బీడీ కాల్చకూడదు, అన్నం తినకూడదు. వాళ్ల పేర్లు రాసిపెట్టాలి, ఇంటికి పంపేయకూడదు.

7. హెచ్చరిక తెలుగులో ఉండాలి. మూడు రెక్కల గుర్తును చూసి ఫ్యాను బొమ్మ అనుకున్నవాళ్లను మేం తప్పుపట్టలేం. 2007లో వచ్చిన అంతర్జాతీయ గుర్తులో పుర్రె, పారిపోతున్న మనిషి ఉన్నారు, కొంచెం నయం. దాని కింద చెక్కి, రంగు వేసినా పోకుండా, "ప్రాణం తీస్తుంది. విప్పొద్దు" అని రాయించండి. తుక్కు ఏరేవాళ్లలో హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లూ ఉన్నారు, ఆ భాషల్లోనూ ఉండాలి.

8. జిల్లా ఆసుపత్రుల డాక్టర్లకు ఒక పూట శిక్షణ కావాలి. రేడియేషన్ తగిలినవాడు మొదట వాంతులతో వస్తాడు, తిన్నది పడలేదని పంపేస్తారు. వారమో పది రోజులో గడిచాక చెయ్యి ఎర్రబడి, నల్లబడి, కాలినట్టవుతుంది. వేడి తగిలిన జ్ఞాపకం మాత్రం ఉండదు. రెండు మూడు వారాలకు జుట్టు ఊడుతుంది. ఏం పని చేస్తావు, బరువైన లోహపు వస్తువేదైనా ఈమధ్య పట్టుకున్నావా అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు. రక్తపరీక్షలో లింఫోసైట్ల సంఖ్యను మొదటి రెండు రోజులు కొన్ని గంటలకోసారి చూడాలి. అది పడిపోయే వేగాన్ని బట్టి డోసు అంచనా వేయొచ్చు. ఒకే కొట్టు నుంచి ఇద్దరు ఇలా వస్తే మూడోవాడి కోసం ఎదురుచూడకుండా కలెక్టరుకు చెప్పాలి.

మొదటి, రెండో, ఆరో అంశాలపై ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు ఆశిస్తున్నాం. రాకపోతే ఇదే లేఖను ప్రజాప్రతినిధులకు, కార్మిక సంఘాలకు, రొయ్యల ఎగుమతిదారుల సంఘాలకు పంపుతాం.

గేజిల జాబితా తయారీకి, తుక్కు వ్యాపారుల శిక్షణకు మా సొంత మీటర్లతో, ఏ ఆదివారమైనా, డబ్బులేమీ తీసుకోకుండా వస్తాం. ధర్మకాంటా పక్కన గంటన్నర సమయం, కూర్చోవడానికి కాస్త నీడ ఏర్పాటు చేయండి.

ఇట్లు,
రెండు తెలుగు రాష్ట్రాల్లో రేడియోధార్మిక సోర్సులతో పనిచేస్తున్న కొందరు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్లు, రేడియోగ్రఫీ టెక్నీషియన్లు, మెడికల్ ఫిజిసిస్టులు